పుంగనూరు ఆవు ఎక్కిన పడవ

కుప్పం,
14 జూలై 2024

కృష్ణమ్మత్తకు,

నమస్కారాలు. "ఫోన్లో ఊఁ, ఆఁ తప్ప ఏమీ చెప్పవు, కాగితం మీదైతే కొంచెమన్నా కక్కుతావు" అన్నావు కదా, ఇదిగో కక్కుతున్నాను. మా ఆఫీసులో గడప దాటగానే ఫోన్లు తీసుకుని అలమరలో పెట్టి తాళం వేస్తారు. మేం చేసే ఆట బజారులోకి వచ్చేదాకా దాని బొమ్మ ఒక్కటి కూడా బయటికి పోకూడదట. అందుకని ఆట పేరు నీకు కూడా చెప్పను. నీ చెవిన పడితే పుంగనూరు బస్టాండులో దండోరా వేసినట్టే.

ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోకు. శాంతిపురం రోడ్డులో గ్రానైట్ ఆఫీసు పైన మేడ, నాలుగు బల్లలు, ఒక కిటికీ. మా జాహిద్ అన్న బెంగళూరులో ఇదే పని చేసి, రోజూ కుప్పం రైల్లో నలిగి నలిగి, చివరికి సొంత ఊళ్లోనే పెట్టుకున్నాడు. అమెరికా కంపెనీ ఒకటి వాళ్ల పాత కాలం మీద కంప్యూటర్ ఆట తయారు చేస్తోంది. గుర్రాలు, తుపాకులు, టోపీలు, ఎర్రమట్టి. అందులో ఇళ్లు, బండ్లు, చెట్లు మాలాంటివాళ్లు చేసిస్తారు. నాకు వచ్చిన పని ఒక ఆవిరి పడవ. పెద్ద చక్రం తిప్పుకుంటూ నదిలో పోయే రెండంతస్తుల పడవ, ఇసుకలో కూరుకుపోయి, జనం వదిలేసి పోయి ఏళ్లయింది. ఆడేవాడు గుర్రం దిగి లోపలికి పోయి చూడాలి.

ఈ పడవ వాళ్లకు నచ్చితే మాకు రెండేళ్ల పని ఇస్తారు, నా ఉద్యోగం ఖాయమవుతుంది. నచ్చకపోతే అన్న నన్ను ఉంచుకోలేడు. నాయన పెట్టిన గడువు నీకు తెలుసు. దసరాలోపు ఖాయం కాకపోతే మదనపల్లెకు పోయి ఆయన టమోటా మండీలో చీటీలు రాయాలి. మండీ చెడ్డదని కాదు అత్తా, ఆ టమోటాలే నన్ను చదివించాయి. కానీ ఈ పనిలో కూర్చుంటే నాకు అన్నం గుర్తురాదు. మండీలో కూర్చుంటే అన్నమే గుర్తొస్తుంది.

ఒకటే చిక్కు. నది మీద పడవ పోవడం నేను కళ్లారా చూడలేదు. బాహుదా నదిలో క్రికెట్ ఆడి పెరిగినదాన్ని.

నీ మేనకోడలు,
రేఖ


పుంగనూరు,
22 జూలై 2024

రేఖమ్మకు అత్త దీవెనలు.

ఉత్తరం అందింది. రెండుసార్లు నేను చదువుకుని, ఒకసారి మీ మామకు చదివి వినిపించాను. ఒకటి అడుగుతాను, కోప్పడకు. డబ్బు పెట్టి పాడుబడ్డ పడవ ఎందుకు చేయించుకుంటున్నారు? కొత్తది చేయించుకుని నాలుగేళ్లు వాడితే అదే పాడవుతుంది కదా. మీ మామ "కొత్తది నడపడం వాళ్లకు రాదేమోలే" అన్నారు.

మీ నాయన ఫోన్ చేశాడు. నువ్వు పడవ చేస్తున్నావని, ఆ పడవ ఇసుకలో కూరుకుపోయిందని చెప్పాను. "సూస్తివా అక్కా, నేను ముందే చెప్తి" అని పెట్టేశాడు. కూరుకుపోయినదాన్నే చేయమన్నారని చెప్పేలోపే పెట్టేశాడు. మళ్లీ చేస్తే వేలంలో ఉన్నానన్నాడు. ఆ గోలలో చెప్పినా వినిపించదు.

చుక్క బాగుంది. పక్కింటివాళ్లు పలమనేరుకు మారిపోయారు కదా, పోతూ పోతూ తలుపులు కూడా ఊడదీసుకుపోయారు. ఎండెక్కితే చాలు, చుక్క పోయి వాళ్ల నడింట్లో పడుకుంటుంది. నా నడుము ఎత్తు కూడా లేని ఆవు, సొంతదారులా దర్జాగా పడుకుని నెమరేస్తుంటే చూడాలి. ఫొటోలు తీయించి దీంతో పంపుతున్నాను. అన్నం గుర్తురాదని రాశావు, అది నాకు నచ్చలేదు. వేళకు తిను.

అత్త,
కృష్ణమ్మ


కుప్పం,
5 ఆగస్టు 2024

అత్తా,

మొదటిసారి పంపిన పడవ తిరిగొచ్చింది. భయపడకు, ఈ పనిలో అది మామూలే. "పగిలినట్టు ఉంది కానీ వదిలేసి పోయినట్టు లేదు" అని రాశారు. ఆ మాట పట్టుకుని రెండు రోజులు తల గోక్కున్నాను. మూడో రోజు నీ ఉత్తరం వచ్చింది.

చూడగానే నా తప్పు తెలిసింది. నేను పలకలు విరగ్గొట్టాను, కిటికీ అద్దాలు పగలగొట్టాను, అంతే. ఎవరూ తలుపులు ఊడదీసుకుపోలేదు. ఎవరూ వచ్చి పడుకోలేదు. అందుకే అది వదిలేసిన పడవ కాలేదు. మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. ముందు చుక్కను చేశాను. నీ ఫొటోలు చూసి, చెవి వెనక మచ్చతో సహా. పడవ నడింట్లో దాన్ని పడుకోబెట్టి, చుట్టూ పడవ కట్టుకుంటూ వచ్చాను.

కొలత పట్టడానికి ఏదో ఒకటి పక్కన ఉండాలి. అందరూ మనిషి బొమ్మను పెట్టుకుంటారు, నేను చుక్కను పెట్టుకున్నాను. ఆ కాలపు ఫొటోల్లో అలాంటి పడవల మీద ఆవులను ఎక్కించి తీసుకుపోతున్నారు. వాటిలో ఆవు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉంది తలుపు. అదే లెక్కన తలుపులు, మెట్లు, గదులు అన్నీ కట్టాను. ఎంత ముద్దుగా కుదిరిందో! జాహిద్ అన్న కూడా "బాగుండాదిమ్మా" అన్నాడు. ఈ వారమే పంపుతున్నాం. ఈసారి తిరిగిరాదు.

నీ చుక్క అమెరికా పోతోంది.

రేఖ


పుంగనూరు,
13 ఆగస్టు 2024

రేఖా,

చుక్కకు తలంటు పోసి, కొమ్ములకు పసుపు రాసి, మెడలో గంట మార్చాను. పాలకేంద్రంలో అందరికీ చెప్పాను. ఆట పేరు చెప్పలేదు, నాకు తెలిస్తే కదా. అక్కడికి పాలు పోయడానికి వచ్చే ఆదిలక్ష్మమ్మకు మాత్రం కడుపుమంట. "మా ఎద్దును పెట్టుకోమని అడగగూడదా?" అంటుంది. ఆమె ఎద్దు ముఖం నీకు తెలుసు కదా.

మీ నాయనతో మాత్రం వ్యవహారం చెడింది. పడవ ఒకసారి తిరిగొచ్చింది, మామూలేనంట అని నీ మాటే చెప్పాను. వాడు మండీ మనిషి. చెన్నైకి పోయిన లోడు తిరిగొచ్చిందంటే దాని అర్థం వాడికి ఒకటే. "తిరిగొచ్చిన సరుకు మళ్లా యాడ అమ్ముడుపోతాదక్కా? దారిలోనే కుళ్లుతాది. పిల్లకు చెప్పేదానికి నోరు రాక మామూలే అంటాండాది" అన్నాడు. టమోటా వేరు, పడవ వేరు అని ఎంత చెప్పినా ఎక్కలేదు. మండీలో నీకోసం కుర్చీ కూడా కొన్నాడంట, మెత్తదంట.

నువ్వే ఒకసారి వాడితో నెమ్మదిగా మాట్లాడు.

అత్త


కుప్పం,
27 ఆగస్టు 2024

అత్తా,

పడవ మళ్లీ తిరిగొచ్చింది. ఈసారి నవ్వి మరీ తిప్పి పంపారు.

నిన్న వాళ్లు వీడియోలో కూర్చుని, నా పడవను ఆటలో పెట్టి, ఆడి చూపించారు. టోపీ మొనగాడు గుర్రం దిగి పడవ పక్కన నిలబడ్డాడు. తాటిచెట్టులా ఉన్నాడు అత్తా. తలుపు వాడి ఛాతీ దాకా కూడా లేదు. లోపలికి నడిపిస్తే తల పైకప్పులోంచి బయటికి వచ్చింది. కింద వాడు నడుస్తుంటే పైఅంతస్తులో టోపీ ఒక్కటే తిరుగుతోంది. వాళ్లలో ఒకావిడకు నవ్వు ఆగక కెమెరా ఆపేసింది. మళ్లీ పెట్టి అడిగింది, "ఆ మేకకు అంత పొదుగు ఎందుకుంది?" అని. మేక!

జాహిద్ అన్న తెర మీది ఆవును చూసి నన్ను పిలిచాడు.

"రేఖా, ఏ ఆవును కొలతకు పెట్టినావమ్మా?"

"మా అత్తోళ్ల ఆవునన్నా."

"మీ అత్తోళ్లు యాడుంటారు?"

"పుంగనూరు."

ఆయన తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. లోకంలో తక్కిన ఆవులు మనిషి ఛాతీ దాకా వస్తాయని నాకు తెలియక కాదు. పలమనేరు రోడ్డులో రోజూ చూస్తాను. కానీ ఆవు అనుకోగానే నా కంటికి చుక్కే వస్తుంది, నేనేం చేసేది? పడవంతా చుక్క కొలతకు కట్టి పెట్టాను. నెల రోజుల పని నీళ్లలో పోసినట్టయింది.

సెప్టెంబరు ఇరవైకి ఆఖరిసారి చూస్తామన్నారు. అంతే, ఆ తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. నీ ఆవు నా కొంప ముంచింది. ఇక దాని మాట నా దగ్గర ఎత్తకు.

రేఖ


పుంగనూరు,
3 సెప్టెంబరు 2024

రేఖకు,

అత్త మీది కోపం దుత్త మీద అని విన్నాను గానీ, అమెరికావాళ్ల మీది కోపం అత్త ఆవు మీద చూపించడం ఇప్పుడే చూస్తున్నాను. మొన్నటిదాకా చెవి వెనక మచ్చతో సహా ముద్దొచ్చింది. ఇప్పుడు కొంప ముంచిందా? ఓడ ఎక్కేదాకా ఓడ మల్లన్న, ఓడ దిగినాక బోడి మల్లన్న. అది పొట్టిదని నీకు నిన్న తెలిసిందా? దాని పాలు తాగే ఇంత పొడుగు పెరిగావు.

ఇంకొకటి. దాని కొట్టం వాకిలి ఎంత ఎత్తుందో నీకు తెలుసు. ఈ మోకాళ్లతో పొద్దునా సాయంత్రం వంగి దూరి, పాలు పిండుకుని, మళ్లీ వంగి బయటికి వస్తున్నాను. నాకు లేని కష్టం మీ టోపీవాడికి ఏమొచ్చింది? వంగితే టోపీ పడిపోతుందా? తీసి చేత్తో పట్టుకోమను. చుక్క ఉన్నచోటికి ఎవడైనా అట్లే పోవాలి. మేకంట, మేక!

కోపం వచ్చి రాశాను, నిజమే. కానీ అసలు సంగతి వేరే ఉంది. పదిహేనో తేదీ ఆదివారం మీ నాయన మండీ బండి తీసుకుని కుప్పం వస్తున్నాడు, నీ సామాను ఎక్కించుకుపోవడానికి. దసరా దాకా ఆగమన్నాను. "రెండుసార్లు తిరిగొచ్చిందక్కా. ఇంగా యాల ఆ పిల్లను ఆడ కుళ్లబెట్టేది?" అన్నాడు. వాడిది కోపం కాదు రేఖా, భయం. నువ్వు ఓడిపోయి అక్కడ ఒక్కదానివే ఏడుస్తూ ఉంటావని వాడి భయం. అది నీకు తెలియాలని రాస్తున్నాను.

అత్త


కుప్పం,
22 సెప్టెంబరు 2024

అత్తా, మా అత్తా, బంగారు అత్తా,

ముందు లేచి చుక్కకు ఒక అచ్చు బెల్లం పెట్టిరా. తర్వాత చదువు.

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. టోపీ తీసి చేత్తో పట్టుకోమన్నావు చూడు, అక్కడికి వచ్చేసరికి ఏడుపు ఆగిపోయింది. ఆ ముక్క ఇంకోసారి చదువుకుని, ఉత్తరం పట్టుకుని జాహిద్ అన్న దగ్గరికి పరిగెత్తాను. "అన్నా, పడవను పెద్దది చేస్తా. ఆవును మాత్రం చెయ్యను. అది ఎంతుందో అంతే ఉంటాది" అన్నాను. ఆయన నా ముఖం చూసి "కానీమ్మా, నీ ఇష్టం" అన్నాడు. ఆయన కూడా ఆశ వదిలేసుకున్నట్టే ఉన్నాడు.

పడవనంతా మనిషి కొలతకు పెంచాను. పై తలుపులన్నీ ఇసుకతో, విరిగిన దూలాలతో మూసేశాను. చక్రం వెనక, నీళ్లు తాకే చోట, చుక్క పట్టేంత కంత ఒక్కటే వదిలాను. మధ్యాహ్నం ఎండెక్కగానే చుక్క గట్టు దిగి వస్తుంది, చక్రం వెనక్కి పోతుంది, కనిపించదు. చూసినవాడికి అనుమానం రావాలి. గుర్రాన్ని వదిలి దాని వెనకే పోవాలి. అక్కడ టోపీ తీసి, వంగి దూరాలి. ఆ ఆట మొత్తంలో వాడు టోపీ తీసేది ఈ ఒక్కచోటే.

పదిహేనున నాయన వచ్చాడు. మేడ ఎక్కలేదు. కింద బండి పక్కన నిలబడి "బట్టలు సర్దుకో పాపా" అన్నాడు. నాకు నువ్వు రాసింది గుర్తుంది కాబట్టి అరవలేదు. "నాయనా, మండీలో తిరిగొచ్చిందంటే కుళ్లినట్టే. ఈడ తిరిగొచ్చిందంటే ఇంగా నా మీద ఆశ ఉండాదని. వద్దనుకునేవాళ్లు తిప్పి పంపరు, పారేస్తారు. శుక్రవారం దాకా నన్ను నమ్ము" అన్నాను. నాయన బండిలోంచి ఒక పెట్టె టమోటాలు దించి, ఖాళీ బండి తోలుకుని పోయాడు. గట్టి కాయలు, ఏరి ఏరి పెట్టించినవి.

శుక్రవారం. ఆ నవ్వినావిడే ఆడింది. పడవ చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా దారి దొరకలేదు. అంతలో చుక్క వచ్చింది. ఆవిడ ఏదో చెబుతున్నది ఆపేసింది. చుక్క వెనకే గుర్రాన్ని నడిపించి, టోపీవాడిని కిందికి దింపింది. వాడు టోపీ తీసి వంగాడు. లోపల పలకల సందుల్లోంచి ఎండ, పాడైన బాయిలరు, దాని పక్కన నెమరేస్తూ చుక్క. ఆవిడ వాడిని చుక్క పక్కన కూర్చోబెట్టి, మీటల మీంచి చేతులు తీసేసి, ఊరికే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి "దీంట్లో ఒక్క పలక కూడా ముట్టుకోవద్దు" అంది. "ఈ ఆవు ఏ ఊరిది?" అని అడిగింది. పుంగనూరు అని గొంతెత్తి చెప్పాను.

గెలిచాం అత్తా! రెండేళ్ల పని వచ్చింది, నా ఉద్యోగం ఖాయం. జాహిద్ అన్న కేకలు పెట్టుకుంటూ కిందికి పోయి గ్రానైట్ ఆఫీసువాళ్లందరినీ పైకి లాక్కొచ్చాడు. వాళ్లకు ఏం అర్థమైందో తెలియదు, కానీ గట్టిగా చప్పట్లు కొట్టారు. నాయనకు నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మడు.

నీ చుక్కకు రుణపడిన
రేఖ


పుంగనూరు,
30 సెప్టెంబరు 2024

రేఖమ్మా,

నా తల్లీ, నా బంగారమా, ఎంత పని చేశావే! ఉత్తరం చదివి కొట్టంలోకి పోయి చుక్క మెడ పట్టుకుని కూర్చున్నాను. మీ మామ వచ్చి ఏమైందని కంగారుపడ్డారు.

మీ నాయనకు చెప్పాను. గడువు మాట ఇక ఎత్తనన్నాడు, అంతవరకు మంచిదే. కానీ "రెండుసార్లు తిరిగొచ్చినదాన్ని మొగమాటానికి తీసుకున్నారేమోలే అక్కా" అన్నాడు. వాడి బుర్రలో ఆ టమోటా లోడు ఇంకా దిగలేదు. దిగినప్పుడే దిగుతుంది, వదిలెయ్.

అత్త


కుప్పం,
9 నవంబరు 2025

అత్తా,

ఆట బజారులోకి వచ్చింది. రెండు వారాలుగా మేడ మీద పండగే. ఏ దేశంవాళ్లో తెలియదు, నా పడవలోకి దూరే వీడియోలు పెడుతున్నారు. ఒకాయన ఆవు వస్తుందని తెలియక పడవ చుట్టూ రాత్రీ పగలూ తిరిగి, చివరికి చుక్క కనిపించగానే కుర్చీలోంచి లేచి గంతులేశాడు. "ఆవు వెనకే పో" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఆట చివర పేర్లు వస్తాయి కదా, అందులో నా పేరుంది. దాని కింద చుక్క పేరు కూడా వేయించాను. అడగ్గానే ఒప్పుకున్నారు.

ఇప్పుడు నా కింద ముగ్గురు పనిచేస్తున్నారు. అన్నం వేళకే తింటున్నాను.

నాయనకు చెప్పలేదు. చూడమని నేను అడిగితే కూతురి మనసు నొప్పించకూడదని బాగుందంటాడు. ఆ మాట నాకొద్దు.

రేఖ


మదనపల్లె,
24 నవంబరు 2025

రేఖమ్మకు,

చిరునామా చూసి కంగారుపడకు. మీ నాయనను చూద్దామని వచ్చాను, మూడు రోజులైంది. నిన్న మండీలో జరిగింది రాయకపోతే నాకు నిద్రపట్టదు.

నిన్న వేలం అయ్యాక అన్నానికి పిలుద్దామని మండీకి పోయాను. మీ నాయన నీకోసం కొన్న ఆ మెత్తటి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా చీటీలు రాసే శేఖర్ కంప్యూటర్. చుట్టూ రైతులు, హమాలీలు. ఏమిటని శేఖర్‌ను అడిగితే, "వారం నుంచీ ఇదేనమ్మా. ఎవురో రైతు ఫోన్లో ఈ పడవను, ఆట ఆఖర్న పాప పేరును సూపించినాడు. ఆ పొద్దే నన్ను పిలిచి ఇది కొనిపించినాడు" అన్నాడు. మీ నాయన గుర్రాన్ని ఏటిలో పడేశాడంట. పొరపాటున ఎవరినో కాల్చి జైలుకు కూడా పోయాడంట. దారి శేఖర్ చెబుతానంటే "నా కూతురు చేసింది నేనే కనుక్కుంటా, నువ్వు నోరు మూసుకో" అన్నాడంట.

నన్ను చూసి పక్కన పీట వేయించాడు. "అక్కా, రెండుసార్లు తిరిగొచ్చిన సరుకంటినే. దేశాలకు దేశాలే ఎగబడి కొంటాండాయి. నాకు తెలిసిన యాపారం ఒక్కటే, దాన్ని పెట్టి పిల్లను తూస్తి" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. అందరి ఎదురుగానే తుడుచుకున్నాడు రేఖా.

అప్పుడే గట్టు మీద చుక్క కనిపించింది. నా చుక్కే, చెవి వెనక మచ్చతో! నేను అరిచాను, వాడూ అరిచాడు. రైతులంతా మీద పడ్డారు. గుర్రం దిగి దాని వెనకే పోయాడు. చక్రం దగ్గర ఆగిపోయాడు, ముందుకు పోవడం లేదు. శేఖర్ ఇక ఉండబట్టలేక "అయ్యా, ఆడ వంగాల" అన్నాడు.

మీ నాయన సంగతి నీకు తెలుసు. బ్యాంకులోనూ వంగలేదు, ఆఫీసర్ల ముందూ వంగలేదు. నిన్న మీట నొక్కాడు. ఆటలో వాడు టోపీ తీసి వంగాడు. ఇక్కడ మీ నాయన కూడా తలగుడ్డ తీసి, కుర్చీలోనే మెడ వంచి, బల్ల మీదికి వంగిపోయాడు. మండీ అంతా ఒకటే నవ్వు.

మీ నాయన తల ఎత్తలేదు. "నవ్వండప్పా, నవ్వండి" అన్నాడు. "నా కూతురింట్లోకి పోతాండా."

నీ అత్త,
కృష్ణమ్మ